అప్పు మీద శతక పద్యాలు: కాగితం దగ్గర, లెక్క దగ్గర ఎలా పనికొస్తాయి?

శతకప్రియ

సుమతీ శతకంలో అప్పు మీద రెండు పద్యాలు ఒకదానికొకటి ఎదురు నిలబడినట్టు కనిపిస్తాయి.

అప్పుగొని సేయు విభవము
ముప్పున బ్రాయంపుటాలు మూర్ఖుని తపమున్
దప్పరయని నృపురాజ్యము
దెప్పరమై మీద గీడు దెచ్చుర సుమతీ

ఇది ఒకటి. రెండోది "అప్పిచ్చువాడు వైద్యుడు". అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎండిపోని ఏరు, ద్విజుడు లేని ఊళ్లో అడుగే పెట్టవద్దంటాడు. ఒకచోట అప్పు కీడు, ఇంకోచోట అప్పిచ్చేవాడు లేకపోతే ఊరే వద్దు.

పద్యాల తాత్పర్యం అందరికీ వచ్చు. పాటించే పద్ధతి తెలిసినవాళ్లు లెక్కతో, కాగితంతో సహా చెప్పండి. చుట్టాల మధ్య చేబదుళ్లు, ప్రాంసరీ నోట్లు, జామీను సంతకాలు, చిట్టీలు ఏవైనా సరే. ఎవరింట్లో ఏం జరిగిందన్న గాథలు వద్దు, చదివినవాళ్లు రేపు వాడుకోగలిగే వివరం కావాలి.

పద్దుపుస్తకం

శతకప్రియ గారూ, రెండు పద్యాలకీ పేచీ లేదండి. మొదటి పద్యం బరువంతా "విభవము", అంటే ఆడంబరం మీద ఉంది. అప్పే తప్పయితే ఊళ్లో ఉండాల్సినవాళ్ల జాబితాలో వైద్యుడి కంటే ముందు అప్పిచ్చేవాణ్ణి పెట్టడు.

పాటించడం ఇలా. అప్పు చేయబోయే ముందు కాగితం మీద రెండు వరసలు గీయండి. ఖర్చు అయిపోయాక కూడా చేతిలో ఏదో ఒకటి మిగిలేవి ఎడమ వైపు: బోరు, పాడిగేదె, చదువు ఫీజు, ఆపరేషన్, ఇంటి పైకప్పు. నలుగురూ చూడటంతో అయిపోయేవి కుడి వైపు. పెళ్లినే తీసుకుందాం. మండపం, పురోహితుడు, తాళిబొట్టు, దగ్గర బంధువుల భోజనం ఎడమ వైపే. డ్రోన్ కెమెరా, రెండో రోజు రిసెప్షన్, స్టేజీ పూలు, ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్ల భోజనాలు కుడి వైపు. కుడి వైపు మొత్తానికి అప్పు తేకూడదు. అది చేతిలో ఉన్న డబ్బుతోనే చేయాలి, లేకపోతే తగ్గించాలి.

తగ్గేది పూల దగ్గర కాదు, భోజనాల దగ్గర. ఆకుకి 400 రూపాయల లెక్కన 800 మందికి 3,20,000. అదే 500 మందికి 2,00,000. తేడా 1,20,000. నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తే మొదటి ఏడాది కట్టే వడ్డీ సరిగ్గా ఇంతే.

ఓరుగల్లు

పద్దుపుస్తకం అన్నా, ఆ "నూటికి రెండు" దగ్గరనే జనం బోల్తా పడుతున్నరు. రెండు రూపాయలంటే చిన్నగ వినబడతది. నెలకు రెండు, ఏడాదికి 24. మూడు రూపాయలైతే 36. బ్యాంకోడు 12 శాతం అంటే అబ్బో అంటరు, పక్కింటాయన రెండు రూపాయలంటే ధర్మమే అంటరు. ఎవ్వరు చెప్పినా ముందు ఏడాది లెక్కకు తెచ్చి పక్కపక్కన పెట్టుకోవాలె.

వంద రోజుల ఫైనాన్స్ సంగతి ఇంకా లోతు. చేతికి 9,000 ఇస్తరు, రోజుకు వంద చొప్పున వంద రోజులు, మొత్తం 10,000 కట్టుకుంటరు. వెయ్యే కదా, పది శాతమే కదా అనిపిస్తది. కానీ ఆ 9,000 వంద రోజులూ మన దగ్గర ఉండవు, రోజూ తగ్గుకుంట పోతయి. సగటున మన దగ్గర ఉండేది అందులో సగమే. తగ్గే అసలు మీద లెక్క కడితే ఏడాదికి 75 శాతం పైనే పడతది. కూరగాయల బండి పెట్టుకున్నోళ్లకు పొద్దుగాల సరుకు, సాయంత్రం అమ్మకం, అందుకే ఇది నడుస్తది. నెల జీతపోడు మాత్రం ముట్టొద్దు.

పద్దుపుస్తకం

ఓరుగల్లు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వడ్డీ మాత్రమే కడుతూ అసలు ముట్టుకోకపోవడం మన ఊళ్లలో ప్రధాన జబ్బు. 5 లక్షలకి నూటికి రెండు చొప్పున నెలకి 10,000. మూడేళ్లు కడితే 3,60,000 పోతుంది, 5 లక్షల అసలు ఇంకా తల మీదే ఉంటుంది. అదే వడ్డీకి నెలకి 19,616 కట్టగలిగితే 36 నెలల్లో అసలుతో సహా తీరిపోతుంది, వడ్డీ మొత్తం 2,06,000 దగ్గర ఆగుతుంది. 12 శాతానికి దొరికితే వాయిదా 16,607, మొత్తం వడ్డీ 98,000 లోపే.

అప్పిచ్చేవాడితో మొదటి రోజే మాట్లాడాల్సింది ఇది: "నెలనెలా అసలులో కొంత కడతాను, కట్టిన మేరకు వడ్డీ తగ్గించాలి." కొందరు ఒప్పుకోరు, అసలు మొత్తం ఒకేసారి ఇస్తేనే పుచ్చుకుంటామంటారు. అలాంటప్పుడు ఆ అసలు వాయిదాని నెలనెలా బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టి, గడువుకి తీసి ఇవ్వండి. వడ్డీ కాస్త నష్టమే, అయినా చేతిలో ఉంటే ఖర్చయిపోయే డబ్బు నిలబడుతుంది.

రావిచెట్టు

చుట్టాల మధ్య నోటు రాయించుకోవడం మొహమాటం అనుకునేవాళ్ల కోసం అదే శతకంలో ఇంకో పద్యం ఉంది.

కూరిమిగల దినములలో
నేరము లెన్నడును గలుగనేరవు మఱి యా
కూరిమి విరసంబైనను
నేరములే తోచుచుండు నిక్కము సుమతీ

స్నేహం బాగున్న రోజుల్లో ఏ తప్పూ కనిపించదు, చెడ్డాక అన్నీ తప్పులే. కాబట్టి కాగితం రాసుకోవాల్సింది కూరిమి ఉన్న రోజునే. చెడ్డ తర్వాత ఎవరూ సంతకం పెట్టరు.

పైగా ఇది మన పురాణాల్లో ఉన్న మర్యాదే. వేంకటాచల మాహాత్మ్యంలో శ్రీనివాసుడు పెళ్లి ఖర్చుకి కుబేరుడి దగ్గర 14 లక్షల రామముద్రలు తెచ్చాడు. ఊరికే పుచ్చుకోలేదు, ఋణపత్రం రాసిచ్చాడు. బ్రహ్మ, శివుడు సాక్షులు. సాక్షాత్తూ స్వామికే పత్రం అవమానం కానప్పుడు బావమరిదికి ఎందుకవుతుంది?

నోటరీవీధి

రావిచెట్టు గారు దారి తీశారు కాబట్టి నోటు సంగతి పూర్తిగా చెబుతాను. ఎక్కువ నోట్లు కోర్టులో పనికిరాకుండా పోయేది పెద్ద మోసాల వల్ల కాదు, రాసే రోజు చేసే చిన్న పొరపాట్ల వల్ల.

వాడుకలో ఉన్న పాఠం ఇది: "నా కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ రోజున మీ వద్ద నేను అప్పుగా పుచ్చుకున్న రొక్కం అక్షరాలా రెండు లక్షల రూపాయలు (రూ. 2,00,000). ఈ మొత్తానికి నెల ఒకటికి నూటికి రూ. 1.50 చొప్పున వడ్డీ చేర్చి మీకు గాని, మీ ఆర్డరు పొందినవారికి గాని, మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను." పైన ఊరు, తేదీ, ఇద్దరి పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా. కింద రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకం.

స్టాంపు: రాసే రోజునే అంటించాలి. మిగతా చాలా పత్రాలకి స్టాంపు తక్కువైతే తర్వాత జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు. ప్రాంసరీ నోటుకి ఆ వెసులుబాటు లేదు. స్టాంపు లేని నోటుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, అంతే. సంతకం స్టాంపు మీద మొదలై పక్కన కాగితం మీదికి రావాలి. దాంతో స్టాంపు రద్దయినట్టూ అవుతుంది, ఊడదీసి ఇంకోచోట అంటించడానికీ వీలుండదు.

"మీ ఆర్డరు పొందినవారికి గాని" (అంటే మీరు నోటు బదిలీ చేసినవారికి) అన్న ముక్కని అలంకారం అనుకుని వదిలేస్తారు. వదలకండి. నోటుకి సాక్షి సంతకం చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా మనవాళ్లు పెట్టిస్తారు, మంచిదే. కానీ సాక్షి సంతకం ఉండి ఈ ముక్క లేకపోతే ఆ కాగితం నోటు కాదు, బాండు అనే వాదన వస్తుంది. బాండుకి స్టాంపు సుంకం చాలా ఎక్కువ. ఒక్క వాక్యం లోపంతో కేసు నెలల తరబడి నిలిచిపోతుంది.

అంకెలూ అక్షరాలూ రెండూ రాయండి. రెండింటికీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుంది. వడ్డీ రేటు ఖాళీగా వదలకండి.

గడువు: 3 ఏళ్లు. డబ్బు అడిగిన రోజు నుంచి లెక్క అని చాలామంది అనుకుంటారు. "కోరినప్పుడు చెల్లించగలను" అన్న నోటుకి లెక్క నోటు తేదీ నుంచే. 10 జూన్ 2023 నాటి నోటు మీద 10 జూన్ 2026 లోపు దావా వేయాలి, లేదా ఆలోపే నోటు వెనక చెల్లు పడాలి. చెల్లు అంటే తేదీ, ఎంత ముట్టింది, అసలు కిందా వడ్డీ కిందా, ఆ కింద బాకీదారు సంతకం. 5 మార్చి 2026న చెల్లు పడితే అక్కణ్ణుంచి మళ్లీ 3 ఏళ్లు. అప్పిచ్చినవాడు తనే రాసుకుని తనే సంతకం చేసుకున్న చెల్లుకి విలువ లేదు. గడువు దాటాక వేసే చెల్లు కూడా గడువుని బతికించదు. అప్పుడు మిగిలే దారి ఆ బాకీ తీరుస్తానని బాకీదారు సంతకంతో కొత్తగా రాసివ్వడమే.

డబ్బు చేతులు మారే పద్ధతి ఇంకొకటి. 20,000, ఆపైన అప్పు నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం. తిరిగి చెల్లించడానికీ అదే నియమం. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి పన్ను పరిధిలోకి రాకపోతే అప్పు పుచ్చుకోవడానికి మినహాయింపు ఉంది. మిగతావాళ్లు బ్యాంకు ద్వారానే పంపండి. పాస్‌బుక్కులో ఆ పద్దు నోటుకి తోడు సాక్ష్యం.

తుంగభద్ర

నోటరీవీధి గారూ, మా వైపు అంగళ్లలో ఎరువుల బాకీకి ఖాళీ నోట్ల మీద సంతకం తీసుకునే అలవాటు ఉంది. రైతు కూడా "తెలిసినాయనే గదా" అని పెట్టేస్తాడు. దీని మీద చట్టం ఏమంటుంది?

నోటరీవీధి

రైతుకి అనుకూలంగా లేదండి. స్టాంపు అంటించి సంతకం పెట్టిన ఖాళీ నోటు చేతికిచ్చారంటే, ఆ స్టాంపుకి సరిపడే మొత్తం దాకా నింపుకునే అధికారం ఇచ్చినట్టే చట్టం చూస్తుంది. పైగా నోటు మీద సంతకం తనదేనని ఒప్పుకుంటే, డబ్బు ముట్టిందనే కోర్టు ముందు అనుకుంటుంది. ముట్టలేదని రుజువు చేయాల్సిన భారం సంతకం పెట్టినవాడిదే.

ఎరువుల బాకీకైతే ఖాళీ నోటుకి బదులు ప్రతి కొనుగోలుకీ బిల్లు తీసుకుని, బాకీ మొత్తం బిల్లు మీదే రాయించుకోవాలి. అంగడాయన ఎంతకీ ఒప్పుకోక నోటే కావాలంటే మొత్తం, తేదీ, వడ్డీ, పేరు మీరే పెన్నుతో నింపండి. అంకెల ముందూ వెనకా ఖాళీ వదలకుండా గీత కొట్టి, ఫోన్లో రెండు వైపులా ఫొటో తీసుకున్నాకే ఇవ్వండి.

శతకప్రియ

జామీను సంతకం గురించి ఎవరూ ఎత్తలేదు. "వినదగు నెవ్వరు చెప్పిన, వినినంతనె వేగపడక వివరింపదగున్" అన్నది దీనికే సరిపోతుందని నా అభిప్రాయం. ఆఫీసులో పక్క సీటాయన అడుగుతాడు, ఊరికే సంతకమేగా అంటాడు.

పద్దుపుస్తకం

ఊరికే సంతకం కాదండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. ముందు అసలు బాకీదారు దగ్గర వసూలు చేసి, రాకపోతేనే జామీనుదారు దగ్గరికి రావాలన్న నియమం లేదు. నేరుగా జామీనుదారు జీతం మీదికే రావచ్చు. పైగా ఆ అప్పు జామీనుదారు సిబిల్ నివేదికలో (అప్పుల చరిత్ర చూపే పత్రం) కూడా కనిపిస్తుంది. రేపు సొంత ఇంటి రుణానికి వెళ్తే ఇదీ లెక్కలోకి వస్తుంది.

సంతకానికి ముందు నాలుగు చూడాలి. అప్పు మొత్తం, వాయిదా ఎంత. తీసుకునేవాడికి ఇప్పటికే ఉన్న వాయిదాలన్నీ కలిపి జీతంలో సగం దాటుతున్నాయా. దానికి తాకట్టు ఏదైనా ఉందా. ఆ వాయిదా మనమే కట్టాల్సి వస్తే మన ఇల్లు నడుస్తుందా. చివరిదానికి "నడవదు" అని జవాబొస్తే సంతకం పెట్టకండి. సాయం చేయాలనే ఉంటే పోయినా ఫర్వాలేదనుకునే చిన్న మొత్తం చేతికివ్వండి, అది మేలు.

పెట్టాక: ఒప్పందం నకలు తప్పకుండా తీసుకోండి. మన అనుమతి లేకుండా అప్పు షరతులు మారిస్తే ఆ తర్వాతి లావాదేవీలకి జామీను బాధ్యత ఉండదు. అయితే చాలా ఒప్పందాల్లో ఆ హక్కు వదులుకుంటున్నామని ముందే రాసి ఉంటుంది, చదవండి. మనం కట్టాల్సి వస్తే కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. కట్టిన మేరకు బాకీదారు మీద మనకి హక్కు వస్తుంది, అతను పెట్టిన తాకట్టు మీద కూడా.

ఓరుగల్లు

చిట్టీల కూడా ఇదే జామీను లొల్లి. చిట్టీ ఎత్తినోడు, అంటే పాట పాడి డబ్బు ముందే తీసుకున్నోడు, మిగిలిన వాయిదాలు కట్టాలె కాబట్టి జామీను అడుగుతరు. 20 మంది, నెలకు 5,000, 20 నెలలు, లక్ష చిట్టీ అనుకుందం. మొదటి నెల ఒకాయన 20,000 తగ్గించి పాడుకుంటే ఆయన చేతికి 80,000. ఆ 20,000ల నిర్వాహకుడి కమిషన్ 5,000 పోను 15,000 అందరికీ పంచితే తలా 750, ఆ నెల కట్టేది 4,250. కమిషన్ చట్టం ప్రకారం 7 శాతం దాటొద్దు.

చేరే ముందు ఆ గ్రూపు చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరైందా అని చూడాలె. కంపెనీ రిజిస్టరైతే చాలదు, ఒక్కో చిట్టీ గ్రూపు వేరేగ రిజిస్టర్ కావాలె. ఇక అవసరం లేకున్నా మొదటి నెలలల్లనే ఎక్కువకు పాడి తీసేది ఉంటది చూడు, అది ఖరీదైన అప్పు కింద లెక్క. పొదుపు అనుకోవద్దు.

రావిచెట్టు

వసూలుకొచ్చేవాళ్ల గురించి కూడా చెప్పుకోవాలి. హరిశ్చంద్రుడి కథలో విశ్వామిత్రుడి బాకీ కోసం వెంట నడిచే నక్షత్రకుడు ఇప్పుడు ఫోన్లో వస్తున్నాడు. నక్షత్రకుడి దగ్గర హరిశ్చంద్రుడికి నియమాలేవీ లేవు, మనకి ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు పరిధిలోని సంస్థల వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. బంధువులకి, స్నేహితులకి ఫోన్ చేసి పరువు తీయకూడదు. లోన్ యాప్ మన ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదు. డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాలోకే రావాలి, ముందుగా ఏడాది లెక్కన మొత్తం ఖర్చు ఎంతో చూపే పత్రం ఇవ్వాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్టుల అనుమతి అడిగిందంటే అక్కడే ఆపేయండి. బెదిరింపులు మొదలైతే స్క్రీన్‌షాట్లు, ఫోన్ నంబర్లు, సమయాలు భద్రం చేసి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చెప్పండి. భయపడి ఒక యాప్ బాకీ ఇంకో యాప్‌లో తీసి కట్టేవాళ్లే అందరికంటే లోతుకి దిగిపోతున్నారు.

తుంగభద్ర

తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చి తీరాలంటారు. అదెంతవరకు?

నోటరీవీధి

2005 సెప్టెంబరు 9న వచ్చిన హిందూ వారసత్వ సవరణ తర్వాత చేసిన అప్పులకి, కేవలం కొడుకు అన్న కారణంతో కొడుకు మీదికి రాలేరు. తండ్రి నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత. కొడుకు తన సంపాదనతో కొన్నదాని జోలికి రాకూడదు. కానీ తండ్రి పోయిన పదో రోజున పెద్దమనుషుల ముందు "నేను కడతా" అని కొత్త నోటు రాసిచ్చారంటే అది సొంత అప్పయిపోతుంది. దుఃఖంలో ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా, ముందు పాత నోటు తెచ్చి చూపించమనండి. తేదీ, చెల్లులు, సంతకం చూడండి. గడువు దాటిన నోట్లు ఇలాంటప్పుడే బయటికొస్తాయి.

శతకప్రియ

భారతంలో యక్షుడు "ఎవడు సుఖంగా ఉంటాడు" అని అడిగితే, అప్పు లేకుండా, పరాయి చోటికి పోకుండా, ఆలస్యంగానైనా తన ఇంట్లో ఆకుకూర వండుకునేవాడని ధర్మరాజు జవాబు. వేమన "అప్పులేనివాడె యధిక సంపన్నుడు" అన్నదీ అదే. ఇప్పటికే నాలుగైదు చోట్ల అప్పున్నవాళ్లు ఏ వరసలో తీర్చాలి?

పద్దుపుస్తకం

అన్నీ ఒకే కాగితం మీద రాయండి: ఎవరికి, అసలు ఎంత, ఏడాది వడ్డీ శాతం, నెలకి ఎంత, తాకట్టు ఏది. కనీస వాయిదాలు అన్నిటికీ కట్టి, మిగిలిన ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ ఉన్నదానికే పోయాలి. క్రెడిట్ కార్డు, రోజువారీ ఫైనాన్స్, మూడు రూపాయల వడ్డీ ముందు. ఇంటి రుణం చివర. బీరువాలో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి 36 శాతం అప్పు తీర్చడం మంచి లెక్కే, ఆ బంగారు రుణానికి వడ్డీ నెలనెలా కట్టగలిగితేనే. ఏడాది చివర కడదాంలే అని వదిలేస్తే వేలం నోటీసు వస్తుంది.

ఒక్క మినహాయింపు. వడ్డీ లేకుండా ఇచ్చిన చుట్టం ఉంటే ఆయన్ని అట్టడుక్కి నెట్టకండి. లెక్కలో సున్నా శాతమే, అయినా ఆయనకి నెలకి ఇంతని చెప్పి, చెప్పిన తేదీకి పంపండి.

ఓరుగల్లు

పూర్తిగ కట్టినంక నోటు వాపస్ అడిగితే "దొరుకుతలేదు, దొరికినప్పుడు చింపేస్త" అంటరు కొందరు. అప్పుడెట్ల?

నోటరీవీధి

చివరి వాయిదా ఇచ్చే ముందే నోటు బల్ల మీదికి రావాలి అన్నా. దొరకలేదంటే తెల్ల కాగితం మీద రసీదు: ఫలానా తేదీ నోటు, ఫలానా మొత్తం, అసలు వడ్డీలు పూర్తిగా ముట్టాయి, నోటు కనబడనందున ఇవ్వలేకపోయాను, ఇకముందు దొరికినా చెల్లదు, దాన్ని ఇంకెవరికీ బదిలీ చేయలేదు, దానివల్ల నష్టం వస్తే నాదే బాధ్యత. అప్పిచ్చినవాడి సంతకం రెవెన్యూ స్టాంపు మీద, ఇద్దరు సాక్షులు. బదిలీ చేయలేదన్న మాట మర్చిపోవద్దు, నోటు చేతులు మారి మూడోవాడి దగ్గర్నుంచి దావా రావచ్చు. చివరి మొత్తం బ్యాంకు ద్వారానే పంపండి, వివరంలో "నోటు బాకీ పూర్తి చెల్లింపు" అని రాయండి. నోటు చేతికొస్తే దాని వెనక "పూర్తిగా చెల్లు" అని రాయించి సంతకం తీసుకుని, ఫొటో తీసి, అప్పుడు చింపండి.